పరాయి యుద్ధాల లెక్కలు: ఎనిమిది శనివారాల పాఠాలపై సమీక్ష

విశాఖపట్నంలో సిరిపురం కూడలి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక అధ్యయన కేంద్రం ఎనిమిది శనివారాల పాటు నిర్వహించిన పాఠ్యక్రమానికి నేను ఒక్క వారం కూడా మానకుండా హాజరయ్యాను. ఒక దేశ ప్రజలు రెండు పక్షాలుగా చీలి పోరాడుకుంటున్నప్పుడు బయటి ప్రభుత్వాలు అందులోకి తమ సైన్యాన్ని ఎందుకు దించుతాయి, ఆ నిర్ణయంలో డబ్బు లెక్కకు ఉన్న పాత్ర ఎంత అన్నది అక్కడ చెప్పిన విషయం. రుసుము 3,200 రూపాయలు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు తరగతి, మధ్యలో టీ. కొన్ని ఫిర్యాదులు కూడా రాయబోతున్నాను కనుక కేంద్రం పేరు చెప్పడం లేదు.

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే నా అభిప్రాయాల మూలం పాఠకులకు తెలియదు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో ఒక ఓడల ఏజెన్సీలో పత్రాల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఖనిజం ఎంత తవ్వారన్నది నాకు ఎప్పుడూ రెండో ప్రశ్నే. సరుకు ఎవరిది, అమ్మే హక్కు ఎవరికి ఉంది, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడకెక్కిన సరుకు పత్రం) మీద సంతకం చెల్లుతుందా అన్నవే మొదటి ప్రశ్నలు. అసలు మన హార్బరు 1933లో తెరుచుకున్నదే ప్రధానంగా మధ్యపరగణాల మాంగనీసును ఓడలకెక్కించడానికి. ఆ తరువాత 1960లో కుదిరిన ఒప్పందంతో బైలదిల్లా ఇనుప ఖనిజం జపానుకు వెళ్లడం కోసం అనంతగిరి కొండల మీదుగా రైలుమార్గం వేశారు, 1976కల్లా అవుటర్ హార్బరు వచ్చింది. ఇన్నేళ్ల పాటు ఆ ఖనిజం కోసం జపాను ఒక్క సిపాయిని కూడా పంపవలసిన అవసరం రాలేదు. కాగితం చెల్లినంత కాలం ఖనిజం దానంతట అదే నడిచి వస్తుంది. అందుకే ఈ పాఠ్యక్రమం ప్రకటన చూసినప్పుడు నాలో కలిగిన ప్రశ్న ఒక్కటే: కొనుక్కోగలిగిన వస్తువు కోసం యుద్ధంలోకి దిగడం ఎందుకు?

పాఠాలు చెప్పినవారు అర్థశాస్త్రం బోధించి విరమించిన ఒక మాస్టారు. ఆయన చదువు గురించి సందేహం లేదు. గొంతు చిన్నది, మైకు అంతకంటే చిన్నది. మొదటి వారం రష్యా అంతర్యుద్ధంతో మొదలుపెట్టారు. 1918 ఫిబ్రవరిలో బోల్షివిక్ ప్రభుత్వం జారు కాలం నాటి అప్పులన్నిటినీ రద్దు చేసింది. ఆ బాండ్లు లక్షలాది ఫ్రెంచి కుటుంబాల ఇళ్లలో ఉన్నాయి. అంతకు కొద్ది వారాల ముందే, 1917 డిసెంబరు 23న, బ్రిటను, ఫ్రాన్సు దక్షిణ రష్యాను తమ కార్యరంగాలుగా పంచుకున్నాయి: ఉక్రెయిను, క్రిమియా ఫ్రాన్సుకు, కాకసస్ బ్రిటనుకు. ఫ్రెంచి పెట్టుబడి డోన్ బాస్ బొగ్గు, ఉక్కు మీద, బ్రిటిషు ఆసక్తి బాకూ చమురు మీద ఉండేవని ఆయన మ్యాపు మీద చూపించినప్పుడు తరగతి అంతా నిశ్శబ్దమైంది. అయితే ఆ మ్యాపు ఒక్కటే చూస్తే పొరబాటు పడతాం. జర్మనీతో యుద్ధం అప్పటికి ముగియలేదు. ఉత్తర రష్యాలోని ముర్మాన్స్క్, అర్ఖంగెల్స్క్ రేవుల్లో పేరుకున్న యుద్ధసామగ్రి జర్మన్ల చేతికి పోతుందన్న భయం నిజమైనదే. మాస్టారు దాన్ని రెండు వాక్యాలలో తేల్చేశారు. సైబీరియాలోకి సుమారు 70,000 మందిని పంపిన జపాను విషయం మాత్రం వివరంగానే చెప్పారు. ఆ దేశం సఖలీన్ దీవి ఉత్తర భాగం నుంచి 1925లో వైదొలగింది కానీ, అక్కడి చమురు, బొగ్గు తవ్వుకునే హక్కులను కాగితం మీద రాయించుకున్న తరువాతే వైదొలగింది.

రెండో, మూడో వారాలు స్పెయినుకే కేటాయించడం నాకు నచ్చింది. ఈ విషయం మీద ఇంత విస్తారమైన లెక్కలు దొరికే అంతర్యుద్ధం మరొకటి లేదేమో. 1936 జులైలో సైనిక తిరుగుబాటు మొదలయ్యేనాటికి ఖజానా, బంగారం, చట్టబద్ధమైన సంతకం రిపబ్లిక్ ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. ఆ ప్రభుత్వం అక్టోబరులో 510 టన్నుల బంగారాన్ని కార్తహేనా రేవులో నాలుగు సోవియట్ ఓడలకెక్కించి ఒడెస్సాకు పంపింది. సోవియట్ ఆయుధాల వెల అందులోంచి తీరింది. తిరుగుబాటు నాయకుడు ఫ్రాంకో దగ్గర బంగారం లేదు. ఆయనకు అప్పు పెట్టినవారు మరో రకంగా వసూలు చేసుకోవలసి వచ్చింది. జర్మనీ ఆ పని కోసమే హిస్మా అనే సంస్థను స్పెయిను వైపు, రోవాక్ అనే సంస్థను జర్మనీ వైపు నెలకొల్పి, వెళ్లే ఆయుధాన్నీ వచ్చే ఖనిజాన్నీ ఒకే పద్దులో నడిపింది. బ్రిటిషువారి రియో టింటో కంపెనీ గనులు తిరుగుబాటుదారుల చేతికి వచ్చాక అక్కడి పైరైటు ఖనిజాన్ని స్వాధీనం చేసుకుని జర్మనీకి ఓడల్లో పంపారు. యజమాని పేరు మారలేదు, సరుకు వెళ్లే రేవు మారింది. నా వృత్తిలో ఇటువంటి సరుకును చూస్తే వెంటనే లాయరుకు ఫోను చేస్తాం.

అంతకంటే ముఖ్యమైన సంగతి 1938లో జరిగింది. జర్మనీకి ఖనిజం కొనుక్కోవడం చాలలేదు, గనుల యాజమాన్యమే కావాలనుకుంది. ఆ పథకానికి మోంటానా అని పేరు. ఫ్రాంకో ప్రభుత్వం విదేశీయులకు గనుల్లో 40 శాతానికి మించి వాటా ఉండరాదని చట్టం చేసి తప్పించుకోజూసింది. ఎబ్రో నది యుద్ధంలో మందుగుండు తరిగిపోయాక, కొత్త ఆయుధాలు పంపాలంటే గనుల మాట తేల్చమని జర్మనీ పట్టుబట్టింది. ఆ ఏడాది నవంబరులో ఫ్రాంకో ఒప్పుకోక తప్పలేదు. అప్పులవాడు పొలం దస్తావేజు అడగడానికి కోతలకు ముందు రోజు వచ్చినట్టుంటుంది ఈ కథ. మాస్టారు దీన్ని తారీఖులతో సహా చెప్పారు. ఆ రెండున్నర గంటలకే రుసుములో సగం చెల్లిపోయిందని నా లెక్క.

కానీ ఇటలీ సంగతి వచ్చేసరికి ఆయన తొందరపడ్డారు. ముస్సోలినీ సుమారు 75,000 మంది సైనికులను పంపాడు. చివరికి బాకీని 500 కోట్ల లీరాలకు తగ్గించి ఖాయం చేసుకున్నారు. దాన్ని స్పెయిను 1967 దాకా వాయిదాల్లో తీర్చింది. మధ్యలో ద్రవ్యోల్బణం లీరా విలువను పిండి చేసింది. అంటే ఒకే యుద్ధంలో, ఒకే పక్షాన నిలిచిన రెండు దేశాలలో ఒకటి షావుకారులా ప్రవర్తించింది, మరొకటి పెళ్లివారిలా ఖర్చుపెట్టింది. ఆర్థిక ప్రయోజనమే అసలు కారణమని చెప్పే సిద్ధాంతానికి ఇటలీ పెద్ద అడ్డంకి. దాని గురించి నేను అడిగినప్పుడు, సమయం మించిపోయిందని, తరువాత చూద్దామని అన్నారు. ఆ "తరువాత" ఎన్నడూ రాలేదు.

నాలుగో వారం గురించి కాస్త ఎక్కువ రాస్తాను. పాఠ్యక్రమం మొత్తంలో నా ప్రశ్నకు సమాధానం దగ్గరగా వచ్చింది ఆ రోజే. విషయం ఆఫ్రికా. కాంగోకు 1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చింది. పదకొండు రోజులకే, బెల్జియం సైన్యం అండతో, రాగి గనులున్న కటాంగా విడిపోతున్నట్టు ప్రకటించుకుంది. అక్కడి గనులను నడిపే యూనియన్ మినియేర్ కంపెనీ రాజధానికి కట్టవలసిన పన్నులను కటాంగా నాయకుడు చోంబే ప్రభుత్వానికి కట్టింది. ఆ పన్నుతోనే కటాంగా జీతాలిచ్చింది, కిరాయి సైనికులను పెట్టుకుంది. కంపెనీ తుపాకీ పట్టుకోనక్కరలేదు, చలానా మీద పేరు మారిస్తే చాలు. 1963 జనవరిలో ఐక్యరాజ్య సమితి సేనలు కటాంగాను ముగించేదాకా అది సాగింది.

అదే రోజు రెండో భాగంలో అంగోలా చెప్పారు. 1975లో అంతర్యుద్ధం ముదిరినప్పుడు కబిండాలో చమురు తీస్తున్న అమెరికన్ కంపెనీ గల్ఫ్ ఆయిల్, తమ ప్రభుత్వం ఒత్తిడితో, రాయల్టీని లువాండా ప్రభుత్వానికి ఇవ్వడం ఆపి వేరే ఖాతాలో జమ చేసింది. ప్రభుత్వం ఎవరిదో తేలాక, 1976లో, మళ్లీ చెల్లించడం మొదలుపెట్టింది. తరువాతి ఏళ్లలో అమెరికా ప్రభుత్వం లువాండాతో పోరాడుతున్న ఉనీటా అనే తిరుగుబాటు పక్షానికి సాయం చేస్తుండగా, అమెరికన్ కంపెనీ బావులకు లువాండా పక్షాన వచ్చిన క్యూబా సైనికులు కాపలా కాశారు. 1985లో ఆ స్థావరాన్ని పేల్చడానికి వచ్చినవారు దక్షిణాఫ్రికా కమాండోలు. తరగతిలో చాలామంది నవ్వారు. నాకు మాత్రం అక్కడే చిక్కు విడిపోయింది. కంపెనీకి కావలసింది నెగ్గే సిద్ధాంతం కాదు, రసీదు ఇవ్వగల ప్రభుత్వం. అంతర్యుద్ధమంటే ఒక దేశంలో రెండు ప్రభుత్వ ముద్రలు ఉండడం. ఖనిజం కొనుక్కోవచ్చు కానీ, ఎవరి దగ్గర కొన్నది రేపు దొంగసొత్తు కాకుండా ఉంటుందో తెలియదు. పాత అప్పు ఎవరు తీరుస్తారో, పాత ఒప్పందాన్ని ఎవరు గౌరవిస్తారో తెలియదు. బయటి సైన్యం వచ్చేది చాలాసార్లు ఆ రెండు ముద్రలలో ఒకదానిని చెల్లుబాటు చేయించడానికి. ఈ మాట మాస్టారు ఇలాగే అనలేదు. అయితే బల్ల మీద పెట్టిన ఉదాహరణలు మరో మాటకు తావివ్వవు.

దురదృష్టవశాత్తు ఐదో వారం నుంచి పాఠం మళ్లీ "ఎక్కడ చమురుందో అక్కడ సైన్యముంది" అన్న పాత పాటకు వెళ్లిపోయింది. లిబియా మీద గంటన్నర చెప్పి, 2014 మార్చిలో జరిగిన మార్నింగ్ గ్లోరీ ఓడ సంగతి చెప్పకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న ఎస్ సిదర్ రేవులో చమురు నింపుకుని ఆ ట్యాంకరు బయలుదేరింది. ఉత్తర కొరియా జెండా కట్టుకుని వచ్చింది, ఆ దేశమేమో మాకు సంబంధం లేదంది. సైప్రస్ దగ్గర సముద్రంలో అమెరికా నౌకాదళం దానిని పట్టుకుని లిబియాకు తిప్పి పంపింది. మూడు రోజులలో భద్రతా మండలి అటువంటి అమ్మకాలను అడ్డుకునే తీర్మానం చేసింది. బావి చేతిలో ఉన్నవాడు చమురు అమ్మలేకపోయాడు, ఎందుకంటే సంతకం రాజధాని ట్రిపోలీలోని జాతీయ చమురు సంస్థది. 2019 నవంబరు 27న టర్కీ కూడా ట్రిపోలీలోని ప్రభుత్వంతోనే ఒకే రోజు రెండు కాగితాలు రాయించుకుంది: ఒకటి మధ్యధరా సముద్రంలో హద్దుల గురించి, రెండోది సైనిక సహకారం గురించి. మరో ఐదారు వారాలకు టర్కీ పార్లమెంటు సేనలను పంపడానికి అనుమతినిచ్చింది. సముద్రపు హద్దు కాగితం నిలవాలంటే దాని మీద సంతకం చేసిన ప్రభుత్వం నిలవాలి. మ్యాపులో చమురు చుక్కలు లెక్కపెడితే ఇది కనబడదు.

సిరియా పాఠం బాగానే ఉంది, కానీ అది ఆగిన చోటు సరైనది కాదు. తార్తూస్ నౌకాస్థావరం మీద రష్యా 2017లో 49 ఏళ్ల ఒప్పందం రాసుకున్న సంగతి, 2019లో వాణిజ్య రేవును ఒక రష్యన్ సంస్థకు మరో 49 ఏళ్లకు ఇచ్చిన సంగతి నోట్సులో ఉన్నాయి. 2024 డిసెంబరులో అసద్ ప్రభుత్వం కూలిపోయాక, కొత్తగా వచ్చినవారు 2025 జనవరిలోనే ఆ వాణిజ్య రేవు ఒప్పందాన్ని రద్దు చేసిన సంగతి లేదు. నోట్సు పాతది, అచ్చు కొత్తది. రేవులో బతికినవాడికి ఇంతకంటే పెద్ద పాఠం ఉండదు: 49 ఏళ్లకని తీసుకున్న రేవు ఆరేళ్లు కూడా నిలవలేదు. యుద్ధానికి పెట్టిన ఖర్చు ఆ పద్దులో ఎక్కడ రాసుకుంటారో రాసుకోనీ.

ఆరో వారం ఒక చిన్న రభస జరిగింది. సివిల్స్‌కు చదువుతున్న ఒక అమ్మాయి శ్రీలంకలో మన సైన్యం సంగతేమిటని అడిగింది. 1987 జులై 29 నాటి ఒప్పందానికి జతచేసిన లేఖలలో తిరుకోణమలై (ట్రింకోమలీ) రేవులోని చమురు ట్యాంకుల ప్రస్తావన ఉందని, కనుక అదీ ఈ కోవలోదేనని మాస్టారు అన్నారు. వెనుక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, నౌకాదళంలో పనిచేసి గాజువాకలో స్థిరపడినవారు, లేచి నిలబడ్డారు. "మాస్టారూ, ఆ ట్యాంకులను నేను కళ్లారా చూశాను. మధ్యలో చెట్లు మొలిచి ఉండేవి. వాటి కోసం అంతమంది పిల్లలను పంపుతారా అండీ?" అన్నారు. పక్షం చెప్పమంటే నేను పెద్దాయన వైపే. లేఖలలో ట్యాంకులున్న మాట నిజం. ఆ రేవును భారతదేశానికి హాని కలిగేలా మరో దేశపు సైన్యానికి ఇవ్వరాదన్న షరతు కూడా అక్కడే ఉంది, దాని బరువే ఎక్కువ. మన సేనలు 1990 మార్చిలో వచ్చేశాయి. వెయ్యికి పైగా సైనికులు అక్కడే ప్రాణాలు విడిచారు. ఆ ట్యాంకులు ఇండియన్ ఆయిల్ అనుబంధ సంస్థకు లీజుకు వచ్చింది 2003లో, అదీ మామూలు వ్యాపార చర్చల వల్ల. ఒక కాగితంలో డబ్బు మాట కనబడినంత మాత్రాన అదే కారణమైపోదు.

ఈ తేడాను ఏడో వారం కాంగో పాఠమే చక్కగా చూపించగలిగేది. కాంగో యుద్ధంలోకి దిగిన ఉగాండా సైన్యం అక్కడి బంగారాన్నీ వజ్రాలనీ దోచిన విషయంలో అంతర్జాతీయ న్యాయస్థానం 2005 డిసెంబరు 19న ఉగాండాను బాధ్యురాలిగా తేల్చింది. 2022 ఫిబ్రవరిలో 32.5 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయించింది, అందులో సహజ వనరులకు 6 కోట్లు. అయితే దోపిడీ కోసమే ప్రభుత్వం ఒక విధానంగా సైన్యాన్ని పంపిందనడానికి నమ్మదగిన సాక్ష్యం లేదని అదే తీర్పు చెప్పింది. వెళ్లడానికి ఒక కారణం, ఉండిపోవడానికి మరో కారణం ఉండవచ్చు. సేనాధిపతులకు అక్కడ ఆదాయం మొదలయ్యాక వెనక్కి రమ్మని చెప్పడం రాజధానికి కష్టమవుతుంది. మాస్టారు తీర్పులోని మొదటి భాగం చదివి రెండోది వదిలేశారు. నేను గుర్తుచేస్తే తల ఊపారు. అంతే.

ఎనిమిదో వారానికి బదులుగా బొబ్బిలి యాత్ర పెట్టారు, దానికి మనిషికి అదనంగా 900 రూపాయలు తీసుకున్నారు. ఇది ప్రకటనలో లేదు. బస్సు ఆరున్నరకని చెప్పి ఎనిమిదింటికి కదిలింది, పులిహోర పొట్లాలు తిరుగు ప్రయాణంలో పంచారు. అయినా వెళ్లినందుకు చింత లేదు. యుద్ధ స్తంభం దగ్గర నీడలో నిలబడి మాస్టారు చెప్పిన గంట, మైకు లేకపోయినా, ఎనిమిది వారాలలో బాగా వినబడిన గంట.

బొబ్బిలి కథ మనకు పౌరుషం కథగానే తెలుసు. ఆయన దానిని ఖజానా వైపు నుంచి చెప్పారు. 1748లో నిజాం ఉల్ ముల్క్ చనిపోయాక దక్కనులో వారసుల పోరు మొదలైంది. ఫ్రెంచివారు నిలబెట్టిన సలాబత్ జంగ్ దగ్గర వారి సైన్యానికి జీతాలిచ్చే డబ్బు లేదు. అందుకని 1753లో ఉత్తర సర్కారుల (ఈ కోస్తా జిల్లాల) శిస్తును ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. అంటే పరాయి సైన్యం ఖర్చు మన జిల్లాల రైతుల మీద పడింది. బుస్సీ ఈ వైపు వచ్చిందే బకాయిలు వసూలు చేసుకోవడానికి. ఆ వసూలులో విజయనగరం విజయరామరాజు ఆయనకు చేదోడయ్యాడు, తన పాత వైరి మీదికి ఆ ఫిరంగులను తిప్పుకున్నాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. తాండ్ర పాపయ్య చేసిన పని అందరికీ తెలిసిందే.

ఆ తరువాతి భాగం అంత తెలిసినది కాదు. విజయరామరాజు వారసుడు ఆనందరాజు ఫ్రెంచివారితో చెడి, 1758లో విశాఖపట్నాన్ని పట్టుకుని ఇంగ్లీషువారిని పిలిచాడు. మద్రాసులోని వారి కంపెనీ అధికారులు కాదన్నారు, కలకత్తాలో క్లైవ్ సరేనన్నాడు. కర్నల్ ఫోర్డ్ అక్టోబరులో సేనతో ఈ తీరానే దిగాడు. బేరం ఏమిటంటే, సైన్యం ఖర్చుకు రాజు నెలకు 50,000 రూపాయలు ఇవ్వాలి. జయించిన సీమ రాజుది, నదీముఖాలలోని రేవు పట్టణాలు మాత్రం కంపెనీవి. పొలాలు వదిలి రేవులు పట్టుకున్నారు! డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయాక రాజు డబ్బు చెల్లించడానికి వెనకాడాడు. జీతాలు లేక ఫోర్డ్ వారాల తరబడి కదలలేకపోయాడు. చివరికి 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. గాలి ఎటు వీస్తోందో చూసి మే నెలలో సలాబత్ జంగ్ వారికే సన్నదు (హక్కు పత్రం) రాసిచ్చాడు. క్లైవ్‌కు ఇందులో మద్రాసు మీద ఫ్రెంచి ఒత్తిడి తగ్గించాలన్న సైనిక ఆలోచన కూడా ఉందని నేనంటే, ఈసారి మాస్టారు వెంటనే ఒప్పుకున్నారు. ఎండ ప్రభావం కావచ్చు.

ఇక సౌకర్యాల సంగతి. హాలులో ఆరు ఫ్యాన్లుంటే నాలుగు తిరుగుతాయి. సముద్రపు గాలి ఎడమవైపు కిటికీల నుంచి వస్తుంది, అక్కడ కూర్చోవడం మంచిది. నోట్సు 180 పేజీలు. మాట బాగుంది కానీ మ్యాపులన్నీ జెరాక్సులో నల్లగా మారిపోయాయి, కటాంగాకూ కబిండాకూ తేడా తెలియదు. ఇంటి నుంచి ఒక అట్లాసు తీసుకువెళ్లండి. ప్రశ్నలకు ప్రకటనలో ఇచ్చిన అరగంట ఎన్నడూ పది నిమిషాలు దాటలేదు. పరీక్ష కోసం చేరే పిల్లలకు స్పెయిను, కాంగో పాఠాలు సూటిగా పనికొస్తాయి, లిబియా, సిరియాలను మాత్రం వేరే చదువుకోవాలి. యాత్ర ఖర్చును రుసుములోనే కలిపి ముందే చెప్పాలని కార్యాలయంలో రాసి ఇచ్చాను, చూస్తామన్నారు.

తరువాతి జట్టుకు పేర్లు తీసుకోవడం మొదలైంది. నాలుగో వారం పాఠం ఒక్కటే మళ్లీ వినాలని ఉందని, ఆ ఒక్క పూటకే రుసుము తీసుకుంటారా అని అడిగాను. గుమాస్తా లోపలికి వెళ్లి వచ్చి 400 రూపాయలన్నాడు. చెల్లించి, తారీఖు వేయించుకుని, రసీదు మీద సంతకం ఉందో లేదో చూసుకుని వచ్చాను.